గోటి గీత

నలభై రెండు నెలల జీతం నాది.
నలభై మూడో నెల గురించి ఒప్పందంలో ఒక్క ముక్క లేదు.
అందులో పదకొండు నెలలు
అనుమతుల కాగితాలే తినేశాయి.
ఇంకో రెండు, ఓడరేవులో చిక్కుకున్న పెట్టెలో
నా మట్టి ఎండిపోతుందేమోనని
గోళ్ళు కొరుక్కోవడానికి సరిపోయాయి.

ఒరూరోకి దక్షిణాన, ఎత్తైన బొలీవియా మైదానంలో,
సరస్సు ఉండిన చోట
బూట్ల కింద ఉప్పు పెళపెళ విరిగేది.
పడవలు బోర్లా పడి ఉన్నాయి,
భోజనం మధ్యలో ఎవరో లేచి వెళుతూ
మూసిపెట్టిన గిన్నెల్లా.

తియోడోసియో ముందు నడిచాడు.
"ఇక్కడ నడుం లోతు," అన్నాడు.
"ఇదిగో, ఇక్కడ మెడదాకా."
పొడి నేల మీదే
చేతులు రెండూ పైకెత్తాడు, అలవాటు కొద్దీ,
సంచి తడవకుండా పట్టుకునే మనిషిలా.

గొట్టం దించాం. ఒంటి బరువంతా వేసి వేలాడాం.
మీటరు. ఇంకో మీటరు.
పైకొచ్చిన మట్టిని చీల్చిన పైపులో పడుకోబెట్టి
పైన బాణం గుర్తు వేశాను.
ఏ కొస పైదో మరిచిపోతే కాలం తలకిందులే.

కూలి రసీదులో 'వృత్తి' అని ఒక గడి.
జాలరి అని రాయించాడు.
ఆరు వారాలకి గెంట్‌లోని లెక్కల విభాగం అడిగింది:
మీ ప్రతిపాదన ప్రకారం అక్కడ సరస్సు ఎండిపోయింది కదా,
మరి జాలరి ఎలా ఉన్నాడు?
మూడుసార్లు చదివాను.
నా పరిశోధన ప్రశ్న నాకంటే బాగా రాశారు.
అయినా 'దినసరి కూలి' అని దిద్ది పంపేశాను.
ఆ దిద్దుబాటు ఇప్పటికీ గుచ్చుతుంది.

గెంట్. చలికాలం. నేలమాళిగలో మైక్రోస్కోపు.
ఒక్కో గాజుపలకకి మూడొందల పుప్పొడి రేణువులు లెక్కపెట్టాలి.
నాలుగు మీటర్ల పన్నెండు సెంటీమీటర్ల దగ్గర
తుంగ తగ్గిపోయింది.
ఒంటి నిండా చిల్లులున్న గుండ్రటి రేణువొకటి
ఉన్నట్టుండి ఎగబాకింది.
అది కినోవా అయితే, ఎవరో ఉండిపోయి చేను వేశారు.
ఉప్పునేల పిచ్చిమొక్క అయితే,
అందరూ వెళ్ళాక అదొక్కటే మొలిచింది.
రెండింటి పుప్పొడీ ఒక్కలాగే ఉంటుంది.
ఉండిపోవడానికీ వెళ్ళిపోవడానికీ
నా దగ్గరున్నది ఒకటే రేణువు.
"బహుశా అని రాయి," అంది ప్రొఫెసర్ గోడెలీవ్,
"ఆ మాట కోసమే మనకి డబ్బిస్తారు."

ముప్పై తొమ్మిదో నెలలో
ప్రయాణ భత్యం అడుగు గీకి, ఫొటోలు పట్టుకుని వెళ్ళాను.
తియోడోసియో పొయ్యి పక్కన కూర్చుని
వల బాగుచేస్తున్నాడు.
ఎందుకని నేను అడగలేదు.
"ఉన్నారా, పోయారా?" ఆయన అడిగాడు.
తెలీదన్నాను.
"ఇంత చదివీ?"
"ఇంత చదివే."

నవ్వాడు. తర్వాత ఫొటో మీద బొటనవేలు ఆనించి
"మా ఏళ్ళు ఎంత మందం ఉంటాయి ఇందులో?" అన్నాడు.
అబద్ధం చెబుదామనిపించింది.
నీళ్ళు లేనిదే ఒండ్రు పేరుకోదు.
ఎండిన సరస్సు ఏమీ రాసుకోదు,
అంతకుముందు రాసుకున్నదాన్ని కూడా గాలి గోకేస్తుంది.
కింద నల్లమట్టి. పైన బూడిదరంగు మట్టి.
రెండూ తాకేచోట
గోటితో గీసినంత గీత.
"ఇలాంటిదొకటి," అన్నాను. "అప్పటి కరువంతా ఇంతే."

చాలాసేపు చూశాడు.
దీపం దగ్గరికి జరిపి చూశాడు.
"అయితే దీని పైన మట్టుంది," అన్నాడు,
"నీళ్ళు మళ్ళీ వచ్చాయన్నమాట."

నాలుగు మీటర్లూ కొలిచాను,
ఆ గీతని పైనుంచి ఎప్పుడూ చూడలేదు.

"మూడొందల ఏళ్ళకి," అన్నాను.
విన్నాడో లేదో.
తర్వాతి ముడికి దారాన్ని
ఉమ్మితో తడుపుతున్నాడు.