నాలుగు గళ్ళు

ఫారంలో పది ప్రశ్నలు.
ప్రతి ప్రశ్నకీ నాలుగు గళ్ళు:
అస్సలు లేదు, కొంచెం, చాలా, మరీ చాలా.
ఒక్క టిక్కు పెట్టి ముందుకు పోవాలని
భీమవరం ట్రైనింగులో చెప్పారు.

సీతారాంపురంలో కాలవగట్టు మీద
రేకుల వసారాలో వీరవేణి లేసు అల్లుతోంది.
కుడికాలు స్టూలు మీద, దిండు మీద దిండేసి,
పెద్దింటి చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు.

గత వారం రోజుల్లో నొప్పి గానీ, దురద గానీ?
"ఏ వారమండీ?
అమావాస్య వారమా, మామూలు వారమా?
అమావాస్యకి గజ్జల్లో బిళ్ళ కడతది.
మూడు దుప్పట్లు కప్పినా వణుకే,
కాలొక్కటీ పొయ్యిలో పెట్టినట్టుంటది.
నాలుగోనాడు లేచి అన్నం వార్చుకుంటాను.
మీ వారం ఆ నాలుగోనాడు మొదలైతే
నాకేం లేదని రాసుకోండి."

కట్టుకునే బట్టల విషయంలో?
"చీర ఓ జానెడు కిందకి కడతాను.
రొచ్చులో ముందు అంచే చిరుగుతుంది.
ఫాలు కుట్టే పిల్ల ఏమీ అడగదు,
తనే రెండు వరసలు కుట్టేస్తది."
కొంచెం అని పెట్టాను.
కొట్టేశాను.

పని?
"ఇదిగో, కూర్చునే పని.
అప్పట్లో ఊడ్పులకి వెళ్ళేదాన్ని.
బురదలో అందరి కాళ్ళూ ఒకలాగే ఉంటాయండి,
మోకాళ్ళ దాకా.
గట్టెక్కాకే నాది నాకు తెలిసేది."

చెప్పుల గురించి ఫారం అడగలేదు.
అయినా చెప్పింది:
పాలకొల్లులో ఏసుపాదం ఒక్కడే
కాలు చేత్తో పట్టుకుని కొలత తీస్తాడట.
మిగతావాళ్ళు కాగితం పరిచి
దాని మీద నిలబడమంటారట.

పదో క్లాసులో ఉండగా
రాత్రి పదకొండింటికి టార్చిలైట్లతో వచ్చి
ఊరందరికీ వేళ్ళు పొడిచారట.
"నా రక్తంలో పురుగు లేదన్నారు.
సంతోషమే.
కాలు మాత్రం ఉండిపోయింది."

తొమ్మిదో ప్రశ్నకి నా గొంతు నాకే వినపడలేదు.
ఆవిడకి వినపడింది. కొక్కెం ఆగింది.
"ఆయన రాత్రిళ్ళు చేపల చెరువు కాపలా.
పగలు నిద్ర.
చెరువని రాసుకోండి."
చెరువుకి గడి లేదు.

పొద్దు వాలింది. కరెంటు పోయింది.
"కాస్త ఫోను లైటు పట్టుకోండమ్మా" అని
ప్లాస్టిక్ తొట్టిలో కాలు దింపింది.
సబ్బు నురగ, చెంబుతో నీళ్ళు.
వేలికీ వేలికీ మధ్య పాత పంచెగుడ్డ.
మడత మడతా విప్పి చూస్తోంది,
అల్లికలో జారిన ముడిని వెతికినట్టు.
నేను నీళ్ళు పోస్తానన్నాను.
వద్దంది.
రెండో చెంబుకి ఇచ్చింది.

"ఇంతకీ అన్నీ కూడితే ఎంతొచ్చిందండీ?"
ముప్ఫైకి ఇరవై రెండు.
"ఆయ్! మా పాపకి లెక్కల్లో
ఏనాడూ అన్ని రాలేదు."
నవ్వాను. నవ్వొచ్చో లేదో తెలియకుండానే.

నర్సాపురం బస్సులో ఫారం తీసి చూస్తే
తొమ్మిదో ప్రశ్న మీద సబ్బునీళ్ళు పడి
నాలుగు గళ్ళూ ఒకే మరక.
గుమ్మం దిగుతుంటే ఆవిడన్న మాట:
"రావాలంటే అమావాస్యకి రండి."

కాలెండర్ చూశాను.
ఆదివారం పడింది.
ఆదివారాలు మాకు సర్వే లేదు.