తలుపు చాటు చీటీ

పదమూడు వేల పౌండ్లు లాగుతుందన్నాడు డ్వేన్.
నిగనిగలాడే కాగితం మీదా అదే అంకె,
పక్కనే ఒక కొండ, కొండెక్కుతూ ఇదే పికప్పు,
దాని వెనక తెల్లటి పడవ.
మా నార్త్ డకోటాలో కొండేదయ్యా?
ఉన్నదల్లా గాలి.
అది మాత్రం ఎటు తిరిగినా ఎదురే వస్తుంది.

ఒక్క వారం ఇవ్వు, నా బరువు నేను కట్టి చూసుకుంటానన్నాను.
తాళాలు చేతిలో పెట్టాడు.
తేనెటీగల మనిషితో తగువెందుకనుకున్నాడేమో.

డ్రైవరు తలుపు తీస్తే
కమ్మీ మీద అరచేయంత చీటీ.
మనుషులూ సామానూ కలిపి
పదహారు వందల నలభై పౌండ్లు మించరాదట.
కొండా లేదు, పడవా లేదు, అబద్ధమూ లేదు.
బండి జాతకం బొమ్మల్లో ఉండదు,
తలుపు చాటున ఉంటుంది.

లాగడం వేరు, మోయడం వేరు.
అరవై పెట్టెలతో ట్రెయిలరు ఎనిమిది వేలు.
దాని మెడ వచ్చి హిచ్ మీద ఆనుకునేది
తొమ్మిది వందల అరవై.
నేనూ రోల్ఫూ కలిసి నాలుగు వందల పది
(అందులో నా వాటా నూట అరవై, రోల్ఫ్ ఏమీ అనుకోడు).
కుక్క అరవై.
పొగడబ్బాలు, ముసుగులు, పనిముట్లు తొంభై.
మిగిలింది నూట ఇరవై.
పంచదార పాకం పీపా ఒక్కటే ఆరు వందలు!
పీపానా, రోల్ఫా?
"నేను పాత బండిలో వెనకాలే వస్తాలే" అన్నాడు రోల్ఫ్,
ఇరవై రెండేళ్ల తుప్పు వైపు చూస్తూ,
అదేదో అలిగిన గుర్రమైనట్టు.

చీకటి పడ్డాకే కదిలాం.
పగలైతే సగం ఈగలు పూల మీదే ఉండిపోతాయి,
తిరిగొచ్చేసరికి ఇల్లుండదు.
నలభై మైళ్లు, పక్కగాలి.
ట్రెయిలరు తోక ఒకసారి అటూ ఇటూ ఆడింది,
చేతులు బిగిసేలోగా బండే సర్దుకుంది.
మిన్నెవాకన్ దాటాక రైలు గేటు.
గూడ్సు బండి, నూట పదకొండు పెట్టెలు లెక్కపెట్టాను.
అది వెళ్ళిపోయాక
ఇంజను ఉందో లేదో తెలియని మౌనంలో
కిటికీలోంచి ఒక మోత.
రేడియో అనుకున్నాను.
రేడియో కాదు.
వెనక అరవై ఇళ్లు ఒక్క గొంతుతో మూలుగుతున్నాయి.
ఇరవై రెండేళ్లు వాటిని మోశాను,
పాత సైలెన్సరు అరుపుల్లో
ఒక్కసారీ వినలేదు.
గేటు లేచినా కాసేపు కదల్లేదు.
వెనకనించి రోల్ఫ్ హారను కొట్టాడు.

మంగళవారం వేరే పరీక్ష.
పక్కింటి విల్మాను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి.
ఎనభై ఒకటో ఏడు, మోకాలు అరిగిపోయింది,
ఈ బండి గడప ఆమె నడుము దగ్గరుంది.
"నన్ను ఎక్కిస్తావా, ఎగరేస్తావా?" అంది.
ఖాళీ తేనె పెట్టెను బోర్లించి మెట్టు చేశాను.
రాణిలా ఎక్కింది.
పెట్టె అలవాటు అలాంటిది.
ఆసుపత్రి దగ్గర గీతల మధ్య పెట్టబోతే
ముక్కు లోపల, తోక రోడ్డు మీద.
ఒకాయన చుట్టూ నడిచి వెళ్తూ
ఏదో గొణిగాడు, నేను టోపీ సర్దుకున్నాను.
వస్తూ వస్తూ బంకులో డీజిలు మీటరు చూసి
విల్మా కళ్లజోడు తుడుచుకుంది.

"ఎలా లాగుతోంది?" అడిగాడు డ్వేన్.
లాగడం బాగానే లాగుతుంది.
బరువైన స్ప్రింగులున్నది చూపించు,
తోలు సీట్లు తీసెయ్, పాటల పెట్టెలు తీసెయ్,
ఆ బరువుతో నేను పాకం మోసుకుంటాను.
ట్రెయిలరు బ్రేకుల మీటకు వేరే డబ్బులన్నాడు.
ఏనుగును అమ్మేవాడివి, అంకుశానికి బేరమేమిటన్నాను.
అతనికి అర్థం కాలేదు.
అంకె మాత్రం కాస్త తగ్గింది.

మాట ఇవ్వలేదు, ఇంటికొచ్చేశాను.
గుమ్మంలో గుర్తొచ్చింది,
విల్మా మెట్టు ఆ బండిలోనే ఉండిపోయిందని.
మళ్లీ మంగళవారం రాకముందే
వెళ్లాలి.