నాలుగు కేబీల దుమ్ము

మళ్ళీ పోయాయి.
రాత్రి పదకొండు దాకా కూర్చుని
నూట ఎనభై ఫొటోల్లో ఆరబెట్టిన వెలుగు
పొద్దున్నే పచ్చిగా, తడిగా మొదటికొచ్చింది.
పెళ్ళికూతురి గడ్డం మీద మొటిమ మొటిమలాగే ఉంది.
మండపం ట్యూబులైటు
పురోహితుడి పంచె మీద పసరులా పాకింది.

ఇది మూడోసారి.

పెరంబూరు బ్యారక్స్ రోడ్డులో మేడమీది స్టూడియో.
కింద టీకొట్టు, బయట నవంబరు వాన.
మొదట కరెంటును అనుమానించాను:
ఇన్వర్టరులో నీళ్ళు చూశాను, ప్లగ్గు మార్చాను.
తర్వాత నన్ను.
సేవ్ నొక్కానా?
నొక్కాను, వేలికి గుర్తుంది.
కాష్ ఖాళీ చేశాను. కాటలాగును సరిచూసుకోమన్నాను.
అంతా బాగానే ఉందంది,
చెయ్యి విరిగినవాడు చుట్టాలతో అన్నట్టు.
సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ వేశాను.
"గురువారం ఆల్బం బైండింగుకు పోవాల,
వైరస్సేమో చూడుమా" అన్నాడు దామోదరం ఫోన్లో.
చూశాను. లేదు.
వైరస్ లేనందుకు
అంత దిగులు పడటం అదే మొదటిసారి.

ఈ సాఫ్ట్‌వేరు మర్యాదస్తురాలు.
ఫొటోను ముట్టుకోదు.
ఇక్కడ కాస్త వెలుగు, అక్కడ కాస్త నీడ,
మొటిమ చుట్టూ ఓ సున్నా,
అని చీటీ రాసి పక్కన పెడుతుంది.
ఫొటో ముప్పై ఎంబీ, చీటీ నాలుగు కేబీ.
మనం చూసే అందమంతా
ఎవరో ఆ చీటీ చదివి వినిపించడమే.
చీటీ పోతే
ముఖం తన ముఖానికి తిరిగి వెళ్ళిపోతుంది.

ఫోల్డరు తెరిచాను.
ఫొటోలన్నీ ఉన్నాయి.
చీటీ ఒక్కటీ లేదు.
చెత్తబుట్ట కూడా కడిగి బోర్లించినట్టుంది.

బుధవారం నాలుగోసారి పూర్తిచేసి, పదింటికి మెట్లు దిగి,
గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చాను.
దీపం వెయ్యని గదిలో
మానిటరు వెలుతురులో కోదండపాణి తాత,
దామోదరం వాళ్ళ చిన్నతాత,
కళ్ళద్దాలు నుదుటికి తోసి, ముక్కు తెరకు ఆనించి
ఒక్కో ఫొటో పక్కనున్న చిన్న తెల్లకాగితం బొమ్మను
ఎంచి, నొక్కి, తుడుస్తున్నాడు.

"ఏం చేస్తుండావు తాతా?"

"దుమ్ము రేవమ్మా.
ఒక్కో పటానికీ ఒకటి అంటుకోనుంది.
నాలుగు దినాలుగా తీస్తానే ఉండా,
తెల్లారితే మళ్ళీ వస్తుంది.
పగలంతా ఎవురో రేపుతా ఉండారు."

నలభై ఏళ్ళు నెగటివుల మీద
అన్నిటికన్నా సన్నకుంచెను నాలికతో తడిపి
చుక్క చుక్కనూ పూడ్చిన మనిషి.
బేసిన్‌బ్రిడ్జి పొగ, రైలుపెట్టెల కార్ఖానా రజను
ఏ పెళ్ళికూతురి చెంప మీదా వాలకుండా కాసిన మనిషి.
ఎవురో రేపుతున్నారంటే
ఏమని చెప్పను?

స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను.
"ఇంక నేను తీస్తాలే తాతా" అని మౌసు అందుకున్నాను.
తొంభై దాకా తుడిచేశాడు. తొంభై మిగిలాయి.
సెట్టింగుల అడుగున ఓ గడి ఉంది:
చీటీలు ఫొటోల పక్కన కాక వేరే చోట దాచమని.
టిక్కు పెట్టి, మిగిలినవి అందులోకి చేర్చి
పోయినవి ఐదోసారి మొదలుపెట్టాను.

ఆయన ఇంటికి పోలేదు.
కింద కొట్టువాడు షట్టరు దించే ముందు రెండు టీలు పంపాడు.
గడ్డం మీది మొటిమ దగ్గర నా చెయ్యి పట్టి ఆపాడు.
"మొత్తం తియ్యబాకమ్మా.
మచ్చ పోవాల, మనిషి పోకూడదు."
అరవై మీద ఆపాను.
నాలుగుసార్లలో ఒక్కసారీ
ఆ పిల్ల అంతగా ఆ పిల్లలా లేదు.

గురువారం ఆల్బం వెళ్ళింది.
శుక్రవారం సాయంత్రం ఆయన
ఫోల్డరు పైకీ కిందికీ జరిపి చూసి
"ఈ పొద్దు దుమ్మే లేదే?" అన్నాడు.

"వాన పడింది కదా తాతా."

కిటికీ వైపు చూశాడు.
చెయ్యి మాత్రం ఇంకా
మౌసు మీదే ఉంది.