బరువు మీద

వెనకాల టక్కుమనేది.
ఏడు నెలల పాటు, ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా,
ఎవరో డిక్కీలో కూర్చుని
వేలి కణుపుతో తలుపు తట్టినట్టు.

స్టీరింగు పట్టుకున్నవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.
"నేనేమైనా చేశానా మేడమ్?"
"మీరు కాదండీ, బండి పాతది" అనేదాన్ని.
అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు.
చేతిలో డబ్బు ఆడటం లేదని
క్లచ్చు ఎక్కడుందో తెలియని మనిషికి ఎలా చెప్పను?

రెండువేల మూడు మోడలు మారుతి, నెత్తిన ఎల్ బోర్డు.
రాత్రి పడక జాలారిపేట సందులో.
సముద్రం నూరు గజాల దూరం,
ఉప్పుగాలి తెల్లార్లూ దాని పొట్ట కింద నాకుతూనే ఉంటుంది.
పొద్దున్నే ముడసర్లోవ రోడ్డు.
పద్నాలుగేళ్ళుగా ఎంతమందో,
అందరూ పామును తొక్కినట్టు బ్రేకు తొక్కినవాళ్ళే.

మల్కాపురంలో దాలినాయుడి షెడ్డు.
కిందకి దూరి, ఇనప కమ్మీ పెట్టి
ట్రైలింగ్ ఆర్మ్‌ని ఒక్క ఊపు ఊపాడు.
"ఊడిపోయే పన్నులాగ కదుల్తంది సూడండి.
బేగి తేవాలి గదేటి? టైరు ఓపక్కంతా తినేసింది."

బోల్టు రాలేదు.
రాత్రంతా డీజిల్లో నానబెట్టినా రాలేదు.
ఉప్పు దాన్నీ స్లీవునీ ఒకే ఇనుము చేసేసింది.
నాలుగడుగుల పైపు తొడిగి ఇద్దరూ వేలాడితే
పానా జారి లోవరాజు మోచెయ్యి చీరుకుంది.
వాడు దాన్ని నాకుకుని మళ్ళీ వేలాడాడు.
చివరికి గ్యాసు మంట.
గొంతు పట్టేసే నల్లటి పొగ,
పక్క బడ్డీలో టీ తాగేవాళ్ళు
గ్లాసుల మీద అరచేతులు మూశారు.
షిప్‌యార్డు సైరను కూసే వేళకి
ఒక్కటంటే ఒక్కటే ఊడింది.

దాన్ని తుడిచి నా చేతిలో పెట్టాడు.
గుండ్రంగా ఉండాల్సిన కన్నం
కోడిగుడ్డులా సాగిపోయింది, ఒకవైపుకే.
బ్రేకు వేసిన ప్రతిసారీ అటే లాగుతుందట.
అంటే ఇది వాళ్ళందరి పాదం.
రివర్సు గేరుకి ముందు దండం పెట్టుకునే ఎల్ఐసీ ఆయన,
భర్త పోయిన మూడో నెలలో
ఆయన కారు తాళాలు గుప్పిట్లో పట్టుకుని వచ్చిన కామాక్షి గారు,
లైసెన్సు రాగానే నన్ను గుర్తుపట్టని కుర్రాడు.
ఎవరి మీదా కోపం లేదు. ఫీజు కట్టేశారుగా.

డూప్లికేటు రబ్బరు సగం ధరకే వస్తుందన్నాడు.
కంపెనీదే వెయ్యమన్నాను.
ఇంట్లో కుక్కరు ఇంకో నెల బుసకొడుతుంది, కొట్టనీ.

సబ్బునీళ్ళు రాసి, వైసులో పెట్టి,
ఊపిరి బిగబట్టి తిప్పాడు.
ఆరు బుష్షులు. రెండున్నర రోజులు.

చక్రాలు వేసి, జాకీలు దించి,
బండిని గోతి మీదకి తోస్తున్నారు.
బోల్టులింకా వదులుగానే ఉన్నాయి!
కంగారు పడ్డాను.
"గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే, కిందికి దిగినాక
రబ్బరు మెలికపడిపోద్దమ్మా.
ఊరికే నిలబడున్నా మెలికే, పడుకున్నా మెలికే.
ఏడాదికి సిరిగిపోద్ది.
బరువు మీద నిలబడనీండి.
అప్పుడు బిగిస్తాను."

లోవరాజుని డ్రైవరు సీట్లో, నన్ను పక్కన కూర్చోమన్నాడు.
రోజూ నేను కూర్చునే చోటే.
కింద నుంచి పానా చప్పుడు,
కిర్రు, కిర్రు, ఆగి మళ్ళీ కిర్రు.
ఎక్కడికీ పోని బండిలో
నా కుడికాలు అలవాటుగా
రెండో బ్రేకు మీదే ఉంది.
లోవరాజు చూసి నవ్వాడు.

మర్నాడు కేజీహెచ్ నర్సు రత్నకుమారి.
మొదటి స్పీడు బ్రేకరు దాటింది.
ఏమీ లేదు.
బండి పక్కకి ఆపి, వెనక్కి తిరిగి చూసి,
"ఏదైనా ఊడి పడిపోయిందా మేడమ్?"

రెండోది వస్తోంది.
ఆ నిశ్శబ్దంలో, ఇన్నాళ్ళూ నాకు వినపడనిది,
ఆమె పెదాల మధ్య నా మాటే
మంత్రంలా గొణుగుతోంది:
పాము కాదు, బ్రేకు.
పాము కాదు, బ్రేకు.