మూడో కాగితం

మా పేటలో వీధులకు కూరగాయల పేర్లు.
బఠాణీ వీధి, చిక్కుడు వీధి, బంగాళాదుంప వీధి.
టార్టు ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు,
ఏటికి నీళ్లెక్కువైతే మడమలు తడిసే చెక్క ఇళ్లు ఇక్కడే అని.
ఇంటికో ఇటుక పొయ్యి, గది మధ్య నిలువెత్తున.
ఆరు నెలల చలికి అదొక్కటే దగ్గరి చుట్టం.

నేను ఆ పొయ్యిలు బాగుచేస్తాను. పేరు విల్వె.
పద్నాలుగేళ్లు ఐవర్ దగ్గర ఉన్నాను.
పేరు అతనిది, మసి నాది.
ఆగస్టులో బయటికొచ్చి సొంతంగా మొదలెట్టాను,
ఒక తాపీ, రెండు బకెట్లు, అక్క కొడుకిచ్చిన పాత వ్యానుతో.
"పొయ్యిలు బాగుచేయబడును. చవక."
పదకొండు చోట్ల అంటించాను.
సెప్టెంబరంతా ఫోను బల్ల మీద ఇటుకలా పడుంది.
ఊరి పొయ్యిలు చూసేదాని పొయ్యిలో
పిల్లి లేవలేదు.

ఊరికే కూర్చోలేక ఒక రాత్రి
మిగిలిన కాగితాలు వెనక్కి తిప్పి
తెలిసింది రాశాను:
"తొలిచలి రోజున పొయ్యి గదిలోకి పొగ కక్కితే
దాని తప్పు కాదు.
గొట్టంలో చల్లగాలి బరువుగా కూర్చుని ఉంది.
అడుగు తలుపు తీసి ఒక పాత పేపరు కాల్చండి,
లేచి దారిస్తుంది.
దీనికి నన్ను పిలవక్కర్లేదు."

మరో వారం రెండోది: పగుళ్లకు బంకమట్టిలో ఇసుక ఎంత.
మరో వారం మూడోది: పొగగొట్టం మూత ఎప్పుడు వేయాలి.

రొట్టెల కొట్టు మారెట్ నవ్వింది.
"గుట్టంతా గోడకెక్కిస్తే నిన్నెవరు పిలుస్తారే?
చేపలు కొనేవాడికి ఏరు చూపిస్తున్నావు."
నా దగ్గర జవాబు లేదు. ఫోను దగ్గరా లేదు.

అక్టోబరు చివర్లో, రాత్రి తొమ్మిదిన్నరకి, మోగింది.
ముసలి గొంతు. హెల్దుర్, చిక్కుడు వీధి.
"పేపరు కాల్చాను. పొగ పోయింది. నువ్వు రానక్కర్లేదు.
కానీ మూడోదాంట్లో, మంట చావగానే మూత వేయమన్నావు.
నిప్పుల మీద నీలంగా చిన్న నాలుక ఆడుతుందే,
అదీ పోయేదాకా వేయకూడదమ్మాయ్.
మా చెల్లి వేసింది, వెచ్చగా పడుకుందామని.
అరవై రెండు, జనవరి. దానికి పంతొమ్మిది."
కాసేపు ఊపిరి చప్పుడు. పెట్టేశాడు.

నాకు తెలియంది కాదు ఆ నీలం.
రాసేటప్పుడు ఒక పంక్తి తగ్గించాను,
అడుగున నా నంబరుకు చోటు చాలదని.

కోటు మీద కోటు తొడుక్కుని
పదకొండు చోట్లా గోళ్లతో గీకాను.
కాదు, పదిచోట్ల.
బస్సు ఆగేచోట కాగితం లేదు,
నాలుగు మూలలా జిగురు మాత్రం ఉంది.
ఎవరో ఇంటికి పట్టుకెళ్లారు.
తెల్లవార్లూ వీధులు తిరుగుతూ
పొగ రాని గొట్టాలు లెక్కపెట్టాను.

పొద్దున్నే నాలుగోది, పెద్ద అక్షరాల్లో:
"మూడో కాగితంలో నేను తప్పు రాశాను.
నీలం మంట పోయేదాకా మూత వేయకండి.
ఆ కాగితం మీ ఇంట్లో ఉంటే
పొయ్యిలో పడేయండి."
నంబరు రాయలేదు. చోటుంది, చెయ్యి రాలేదు.

మారెట్‌ని అడిగి కనుక్కున్నారట.
"తప్పు రాశానన్న మనిషివి నువ్వేనా?
మా పొయ్యి ఒకసారి చూస్తావా?"
ఆ వారం ఆరు పొయ్యిలు.
ఐదో ఇంట్లో, వంటగది గోడకు, నా మూడో కాగితం.
ఆ పంక్తి కొట్టేసి ఉంది,
పక్కన పెన్సిలుతో, వణికే చేత్తో, "నీలం".
తాపీ కింద పెట్టి
మంచినీళ్లు అడిగాను.

హెల్దుర్ మళ్లీ ఫోను చేయలేదు. అతని పొయ్యికి ఏ రోగమూ లేదు.
చిక్కుడు వీధిలో వెళ్తే మాత్రం వ్యాను నెమ్మది చేసి
అతని గొట్టం వైపు చూస్తాను.

ఇవాళ రాస్తున్నది పంతొమ్మిదోది, బూడిద గురించి.
అడుగున నంబరుకు చోటు వదిలే మొదలెట్టాను.
మళ్లీ బూడిదే నిండిపోయింది.