నువ్వుగింజ మందం

ఆ ఇనుప నాలుకను పట్టుకున్నది నేనే.
మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రి, రెండో థియేటర్,
ఉగాది దాటిన మంగళవారం.
తుంటి గిన్నె ముందు అంచున రిట్రాక్టర్ ఆనించి
"కదలకు" అన్నారు వహీదా మేడం.
కదల్లేదు.
నలభై నిమిషాలు నా చెయ్యి
చాలా బుద్ధిగా తప్పు చేసింది.

ఆ పేజీ నాకు కంఠతా వచ్చు.
నడుములో రెండు, మూడు, నాలుగు వేర్ల నుంచి
పాయలొచ్చి ఒక్క నరమై
సోయాస్ కండరం పక్కనుంచి జారి
గజ్జల కిందికి రాగానే చీపురులా విడిపోతుంది.
పరీక్షలో పది మార్కులు.
ఎముకకూ ఆ నరానికీ నడుమ
వేలెడు కండరమే పరుపనీ,
పరుపు మీంచి నొక్కినా నరానికి ఊపిరాడదనీ
రాసినవాణ్ణే.
ఎర్ర సిరాతో కింద గీత కూడా గీశాను.

మర్నాడు తిప్పన్న,
రాజోలి మగ్గం మనిషి, యాభై ఏడేళ్ళు,
దుప్పటి తీసి కాలు చూపించాడు
బేరానికొచ్చినవాడికి చీర విప్పి చూపినట్టు.
"తొడ లేస్తది సారు, సూడు.
మోకాలే నా మాట ఇంటలేదు."
నిజమే, తొడ లేచింది,
వణుకుతూ, గాల్లో జానెడు.
మోకాలు మాత్రం తడిబట్టలా వేలాడింది.
పిక్క లోపలి వైపు సూది ఆనిస్తే
"ఎవరిదో కాలు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మేడంకు రాలేదు.
మంచం అంచున కూర్చుని నాకు చెప్పారు, అతను వినేలాగే:
సోయాస్‌కు కూలి పెద్ద నరం దగ్గర కాదు,
పైన, వెన్ను దగ్గరే, వేర్ల నుంచి నేరుగా ముడుతుంది.
పక్కనున్న ఇలియాకస్‌కు పెద్ద నరమే దిక్కు,
అయినా అది పొత్తికడుపు లోపలే తన వాటా తీసేసుకుంటుంది.
తొడ లేచిందంటే దెబ్బ కింద, గజ్జల దగ్గర.
అదీ లేవకపోతే
మనం నడుములో వెతుక్కోవాలి.

తిప్పన్న తువ్వాలు అంచునుంచి ఒక పోగు లాగాడు.
రెండు బొటనవేళ్ళ నడుమ బిగించి
"తెగిందా, సాగిందా?" అన్నాడు.
మా ఇద్దరి చదువూ కలిపితే ఆ ఒక్క ప్రశ్నే.
"తెగలేదనుకుంటున్నాం."
"అనుకునుడా" అని
పోగును చెవికి చుట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం ఒక్కణ్ణే వెళ్ళి చెప్పాను,
ఆ చెయ్యి నాదని.
చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు.
"మా చిన్నోడు కొత్తల
పన్నె గట్టిగ గుంజి ముప్పై పోగులు దెంపిండు."
క్షమించినట్టు లేదు, లెక్క చెప్పినట్టుంది.
"అతకనీకె రెండు దినాలు పట్టె.
అప్పటిదాంక వానికి అన్నం బెట్టలే."

నాకూ ఆ రెండు పూటలు మింగుడు పడలేదు,
అది వేరే సంగతి.
మోకాలికి పట్టీ బిగించి ఇంటికి పంపేటప్పుడు
ఎంత తొందరగా వస్తదని అడిగాడు.
రోజుకో మిల్లీమీటరు, అదీ వస్తే.
"అంటే ఎంత?"
నువ్వుగింజ మందం.

ఇప్పుడు నేను తొడను కాస్త వంచుతాను,
కండరం సద్దుమణగాలని, నరం వదులవ్వాలని.
ఇనుప మొన ఎముకనే తాకాలి, మాంసాన్ని కాదు.
ఐదు నిమిషాలకోసారి "వదులుతున్నా" అంటాను.
సిస్టర్ నర్సమ్మ గడియారం చూసి నవ్వుతుంది.
నవ్వనీ.

మృగశిర రోజు ఫోను, కోడలి నంబరు నుంచి.
వెనక నాడె చప్పుడు, ఆగి ఆగి.
"గుంటల కూసుంటున్న సారు.
తొక్కుడుకర్ర మీదికెల్లి కాలు లేపుతున్న, దింపుతున్న.
నిలబడనీకె మాత్రం గోడ గావాలె."
మడమ?
"పొద్దున పరుపు మీదికెల్లి లేచింది.
వేలు పట్టేంత."
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
"ఎన్ని గింజలైనయి?" అన్నాడు.
నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
"డెబ్బై నాలుగు" అన్నాడు తనే,
నేను తప్పు చెప్తానేమోనని.