కారం నేకండా

సోమారం మా ఊళ్లో సగం మంది నీసు ముట్టరు.
ఆ రోజు డే అండ్ నైట్ జంక్షన్ కాడ
నూడిల్స్ బండికి పట్టా కప్పేసి
లోక్‌రాజ్ తలకి నూనె రాసుకుని
పెళ్లాన్నీ ఇద్దరు గుంటల్నీ ఎంటబెట్టుకుని
మా హోటల్‌కి వస్తాడు.
వారమంతా ఊరికి వండిపెట్టినోడు
ఒక్క సాయంత్రం
ఊరు వండింది తిందామని.

నాలుగో టేబులే కావాల ఆళ్లకి.
ఫేను కిందది కాదు, గోడ మూలది.
చిన్నోడు సుబిన్ పరిగెడితే
రెండు కుర్చీలూ తండ్రి కాలూ దాటాల కదా, అందుకు.
ఆ నెక్క నాకు తెలుసు.
పసోళ్లతో బయట తిన్నోళ్లు
ముందు గుమ్మం ఎంత దూరమో చూస్తారు,
ధరల బోర్డు తరవాత.

పెద్దది అస్మిత. గూనపాలెం అంగన్వాడీలో చదువు.
ఆ ఇంట్లో మా మాట నిండా వచ్చింది
దానికొక్కదానికే.
తండ్రి నేపాలీలో ఏదో అంటాడు.
తల్లి పబిత్ర మధ్యలో అడ్డుకుని ఇంకేదో అంటాది.
ఇద్దర్నీ విని, ముక్కు ఎగబీల్చి,
నావైపు తిరిగి తేల్చేస్తాది:
"అప్పా, నాలుగిడ్లీ. ఒక రవ్వట్టు.
తమ్ముడికి కారం నేకండా.
అమ్మకి మాత్రం బాగా ఎయ్యి."

నేకండా అంట!
ఎక్కడి మంచుకొండల పిల్ల,
మా గుంటల్లాగే పలుకుతాది.
గల్లాపెట్టి కాడ షావుకారు పొట్ట కదిలేలా నవ్వుతాడు.
నాకు నవ్వు రాదు.
నాకు వెరావల్ గుర్తొస్తాది.

మా ఆయన బోటెక్కిన ఏడు
చంటోడ్ని చంకనేసుకుని
అక్కడొక హోటల్లో కూకున్నాను.
పప్పులో బెల్లం.
ఆడు ఉమ్మేసి, చారు చారని ఒకటే ఏడుపు.
చారుని ఆళ్లేటంటారో నాకు తెల్దు.
గాల్లో గరిట తిప్పాను.
మరుగుతున్నట్టు వేళ్లాడించాను.
చింతపండు పులుపుకి మొహం ముడిచాను.
పాపం ఆ కుర్రోడు
నాకు వాంతొస్తందనుకుని
బకెట్టు తెచ్చి ముందెట్టాడు.
ఇప్పుడు చెప్తే అందరూ నవ్వుతారు.
అప్పుడు నాకు
మాటొచ్చిన గుంట నేదు.

మొన్న సోమారం
సాంబారు గిన్నె సుబిన్ చేతికందింది.
ఇంకేటుంది.
టేబులు మీద ఏరు, ఏటి మధ్యన ములక్కాడ,
పక్క బల్ల పెద్దాయన తెల్ల పేంటు మీద మూడు చుక్కలు.
ఆయనేటీ అన్నేదు. చూశాడంతే.
ఆ చూపుకే లోక్‌రాజ్ గబుక్కున నేచాడు,
నా భుజం మీది గుడ్డ లాక్కున్నాడు.
అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి దోసిట్లోకి,
మూడే మూడు ఊపులు.
పదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను,
అంత శుభ్రంగా నాకూ రాదు.

గుడ్డ పట్టుకుని లాగాను.
"కూకో" అన్నాను.
ఇవ్వడే.
అటు కొస ఆడు, ఇటు కొస నేను,
మధ్యలో సాంబారు కారతంది.
అస్మిత వేలికంటిన చట్నీ నాకడం ముగించుకుని
తండ్రికి చాలాసేపు ఏదో చెప్పింది.
నాదొక్క మాట, దానివి ఇరవై.
ఆడు గుడ్డ వదిలి కూకున్నాడు.
తడిచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఒళ్లో పెట్టుకున్నాడు, బళ్లో కుర్రాడిలాగ.

"ఏటి చెప్పావే?" అన్నాను.
"ఇది నీ బండి కాదు, అప్ప బండి అని చెప్పాను."
"అంతేనా? అంతసేపు చెప్పావు?"
"మిగతాది నీకు కాదు."

పబిత్ర కొంగడ్డం పెట్టుకుని నవ్వింది.
పెద్దాయన కూడా, ఇష్టం నేనట్టు కొంచెం.
నవ్వు ఆగాక ఆవిడే
కూతురికేసి చూడకండా, నాకేసి చూసి,
కారప్పొడి డబ్బా ఏలెట్టి చూపించి
"ఇంక... ఎయ్యి" అంది.
రెండు మాటలు. రెండూ మా ఊరివే.
చెంచా కాదు, గరిటతో ఏశాను.

రాత్రి కుర్చీలెత్తి తుడుస్తంటే
గోడ మూల ఇడ్లీ ముక్క దొరికింది,
ఎండి గట్టిపడింది.
దాని మీద పంటి గాట్లు. లైటు కిందకి తెచ్చి చూశాను.
నాలుగు.
పోయిన సోమారానికి
రెండే ఉండాల.